క్వారీ మూతపడ్డ గుట్టమీద మళ్లీ మేత మొలవాలంటే

చిత్తూరు జిల్లాలో గ్రానైట్ క్వారీల ప్రస్తావన వస్తే మాట రాయల్టీ మీదికో, అక్రమ తవ్వకాల మీదికో, టిప్పర్లు పాడుచేసిన రోడ్ల మీదికో పోతుంది. రాయి అయిపోయి యంత్రాలు వెళ్లిపోయాక ఆ గుట్ట గతి ఏమిటన్న ప్రశ్న దాకా చర్చ చాలా అరుదుగా వస్తుంది. వచ్చినా "మొక్కలు నాటుతాం" అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. క్వారీ రాకముందు ఆ గుట్టమీద ఏముండేదో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నిండా గడ్డి, మధ్య మధ్య తంగేడు, బలుసు, బందారు పొదలు, అక్కడక్కడా చిగర చెట్లు. ఊరి ఆవులూ జీవాలూ మేసే చోటు అది. పోయింది మేత అయినప్పుడు తిరిగి రావాల్సిందీ మేతే.

దేశంలో అత్యున్నత న్యాయస్థానం కూడా ఈ మాటే చెప్పింది. 2020 జనవరి 8న, ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఏ. బోబ్డే నేతృత్వంలోని ధర్మాసనం కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో ఒక ఆదేశం ఇచ్చింది. తవ్వకం ఆగిపోయాక గని ప్రాంతంలోనూ, తవ్వకం వల్ల దెబ్బతిన్న చుట్టుపక్కల నేలలోనూ లీజుదారే మళ్లీ గడ్డి పెంచాలి, పశుగ్రాసమూ మొక్కలూ జీవజాలమూ పెరగడానికి వీలైన స్థితికి ఆ నేలను తేవాలి అన్నది దాని సారాంశం. గడ్డి పూర్తిగా పోతే మేసే జంతువుల నోటి దగ్గర మేత లాక్కున్నట్టేనన్న ఆలోచన దాని వెనుక ఉంది. అదే నెల 16న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఈ షరతును పర్యావరణ అనుమతుల్లో చేర్చమని ఉత్తర్వు వెలువరించింది. అప్పటి నుంచి అనుమతి పత్రాల్లో ఈ వాక్యం కనిపిస్తూనే ఉంది. గడ్డి మాత్రం వాక్యం రాసినంత సులువుగా రాదు. అది రావడానికి ఏమేం కావాలి, ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తెలియకపోతే ఎంత మంచి షరతైనా కాగితం దాటదు.

ఈ జిల్లాలో గడ్డికి ఇంత విలువ ఎందుకో కొత్తగా చెప్పనక్కర్లేదు. వానాధారపు చెనక్కాయ ఒక ఏడు పండి ఒక ఏడు ఎండిపోయే నేల ఇది. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది పాడి, లేదంటే జీవాలు. రెండు ఆవులున్న ఇంట్లో పచ్చిమేత కొనుక్కోవాల్సి వస్తే పాలమీద మిగిలేది ఏమీ ఉండదు. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే పుంగనూరు ఆవు ఇంత పేరు తెచ్చుకున్నది కూడా ఎండుగడ్డితో, గుట్టల మేతతో బతకగలిగే గుణం వల్లే. సొంత పొలం లేని కాపరికి మేత పోరంబోకూ, ఊరి గుట్టా తప్ప వేరే దిక్కు లేదు. క్వారీ వచ్చినప్పుడు కూలి పని దొరికిన ఇల్లు ఒకటి, మేత పోగొట్టుకున్న ఇల్లు మరొకటి కావడం మామూలే. ఆ రెండో ఇంటి నష్టం ఏ లెక్కలోనూ ఎక్కదు.

క్వారీ వదిలి వెళ్లిన నేలంతా ఒకే తీరుగా ఉండదు. ఈ తేడా గుర్తించకుండా ఒకే పథకం వేస్తే డబ్బు వృథా. ఒకటి గుంత. నిలువు గోడలతో, అడుగున నీళ్లతో ఉండే దానిమీద గడ్డి పెంచాలనుకోవడం దండగ. చుట్టూ కంచె వేసి, ఒక పక్క వాలుగా దారి చేసి పశువుల నీళ్లకు వదలడమే మేలు. రెండోది వేస్టు రాళ్ల దిబ్బ. తవ్విన రాయిలో బ్లాకులుగా లారీ ఎక్కేది కొంతే. పగులున్నదీ, రంగు తేడా వచ్చినదీ, అంచు విరిగినదీ పక్కనే దొర్లించేస్తారు. క్వారీ నడిచినన్నాళ్లూ ఆ దిబ్బ పెరుగుతూనే ఉంటుంది. మూడోది బ్లాకులు పేర్చిన యార్డు, టిప్పర్లు తిరిగిన దారి. చూడ్డానికి చదునుగా, మట్టిగానే ఉంటుంది కాబట్టి అక్కడ గడ్డి తేలిగ్గా వస్తుందనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి బరువు బండ్లు తొక్కిన ఆ నేల సిమెంటు గచ్చులా బిగుసుకుపోయి ఉంటుంది. గింజ మొలిచినా వేరు దిగదు. రోడ్లకూ లేఅవుట్లకూ గ్రావెల్ తీసిన మిట్టలది ఇంకో రకం. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఇవి ఎక్కువ. లోతైన గుంతలుండవు, దిబ్బలుండవు, పై పొర మాత్రం పూర్తిగా పోయి ఉంటుంది. నిజానికి అన్నిటికన్నా తొందరగా, తక్కువ ఖర్చుతో మేత తిరిగొచ్చే చోటు ఇదే. మొదలుపెట్టాల్సిందీ ఇక్కడే.

ఒక విషయం మాత్రం ఈ జిల్లాకు కలిసొచ్చింది. ఇక్కడి రాయి విషం కాదు. బొగ్గు గనుల్లోనూ కొన్ని లోహపు గనుల్లోనూ రాయిలోని గంధకం గాలికీ నీటికీ తగిలి ఆమ్లంగా మారుతుంది. ఆ నీళ్లు పారినంత మేరా మొక్క బతకదు. గ్రానైట్‌తో ఆ బాధ లేదు. కుప్పం వైపు పచ్చరాయి గానీ, పొలాల మధ్య పొడవాటి గట్టులా సాగిపోయే నల్లరాయి గానీ కాలక్రమంలో మంచి మట్టిగానే మారతాయి. నల్లరాయిలో సున్నం, మెగ్నీషియం, ఇనుము పాళ్లు ఎక్కువ. గ్రానైట్‌లోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం నుంచి పొటాష్ వస్తుంది. లేనిదల్లా నత్రజని, రాయిలో అది దొరకదు. ఆకు రాలాలి, పేడ పడాలి, లేదా వెంపలి లాంటి మొక్క వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోంచి తీసివ్వాలి. క్వారీ దిబ్బమీద చల్లిన గడ్డి మొలిచి, నాలుగు ఆకులేసి, పసుపురంగుకు తిరిగి ఆగిపోవడానికి చాలాసార్లు కారణం నీళ్లు కాదు, నత్రజనే.

దీనికి మినహాయింపు బంగారు గనుల వైపు ఉంది. కుప్పానికి అవతల, కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాతిని పిండిచేసి, సైనైడుతో బంగారం తీసేశాక మిగిలిన మెత్తటి బూడిదరంగు మట్టి అక్కడ కొండల్లా పడి ఉంది. అదే రాతిపట్టీ గుడుపల్లె మండలం చిగురుగుంట, బిసానత్తం వైపు సాగుతుంది. అక్కడ బంగారు తవ్వకం మాట వచ్చిన ప్రతిసారీ ఈ తేడా గుర్తుంచుకోవాలి. అలాంటి మట్టిమీద గడ్డి పెంచడం గాలికి దుమ్ము లేవకుండా ఉండటం కోసమే. మందపాటి మంచి మట్టి పొర కప్పకుండా, పరీక్షలు చేయించకుండా దానిమీద పశువుల్ని మేపకూడదు. గ్రానైట్ దిబ్బకు పనికొచ్చే సూత్రం అక్కడ పనికిరాదు.

ఇక పదేళ్ల కిందట వదిలేసిన ఒక రాళ్ల దిబ్బను దగ్గర్నుంచి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. పైభాగం బోడిగా ఉంటుంది. పెద్ద పెద్ద బండల మధ్య సందుల్లోంచి వాన నీళ్లు నేరుగా కిందికి జారిపోతాయి. అంత వాన పడినా మరుసటి రోజుకు పైన తేమ ఉండదు. అడుగుకు దిగితే దృశ్యం మారుతుంది. పైనుంచి కొట్టుకొచ్చిన రాతిపొడీ, ఒండ్రూ రాళ్ల మధ్య పేరుకున్న చోట చీపురు గడ్డి గుబుర్లుగా లేచి ఉంటుంది. పక్కనే వెంపలి. ఒక ఏడాది వెంపలి నిలిచిన చోట మరుసటి ఏడు తంగేడు కనిపిస్తుంది. ఎండ నేరుగా పడని వైపు బోద గడ్డి కూడా పట్టుకుంటుంది. ప్రకృతి ఇక్కడ వెతుక్కున్నది మెత్తటి మట్టి రేణువుల్ని, అవి పట్టి ఉంచే తేమని. మనిషి చేయాల్సిన పని ఈ మెత్తటి మట్టిని దిబ్బ అడుగుకే పరిమితం కాకుండా మొత్తం వాలు మీద నిలబెట్టడం. మిగతా కష్టమంతా దీని తర్వాతే.

అందుకే అసలు పని క్వారీ మూసేటప్పుడు మొదలు కాదు, తెరిచేటప్పుడు మొదలవుతుంది. ఈ గుట్టల మీద పైమట్టి జానెడు ఉంటే గొప్ప. ఆ జానెడులోనే వందల రకాల గింజలు నిద్రలో ఉంటాయి, గడ్డి వేళ్లకు భాస్వరం అందించే శిలీంధ్రాలు ఉంటాయి, వానపాములుంటాయి. 1999 నాటి గ్రానైట్ పరిరక్షణ, అభివృద్ధి నియమాలు కూడా పైమట్టిని విడిగా తీసి దాచాలనీ, నేల పునరుద్ధరణకు వాడాలనీ చెబుతాయి. నియమం మంచిదే. దాచే తీరే ప్రాణం తీస్తుంది. రెండు మనుషుల ఎత్తున కుప్ప పోసి, దానిమీద పట్టా కప్పి పదేళ్లు వదిలేస్తే లోపల గాలాడక అందులోని జీవమంతా చస్తుంది. కుప్ప మీటరున్నర దాటకూడదు. దానిమీద జనుమో, వెంపలో చల్లి పచ్చగా ఉంచాలి. అన్నిటికన్నా మంచి పద్ధతి అసలు దాచకపోవడం. ఈ ఏడు కొత్తగా తెరిచే ముక్కలో గీరిన మట్టిని, పని అయిపోయిన పాత ముక్క మీద అదే నెలలో పరిచేయడం. గింజలు బతికే ఉంటాయి, విడిగా కొనక్కర్లేదు. లీజు మొత్తాన్ని ఒకేసారి గీకిపారేయకుండా విడతలుగా తవ్వితేనే ఇది సాధ్యం. ఈ ఒక్క షరతు గట్టిగా అమలైతే తర్వాతి ఖర్చులో సగం తప్పుతుంది.

ఇప్పటికే పైమట్టి పోయిన చోట లెక్క వేరే. ఒక ఎకరం మీద పది సెంటీమీటర్ల మందాన మట్టి పరవాలంటే సుమారు 400 ఘనపు మీటర్లు కావాలి. అంటే పదుల కొద్దీ టిప్పర్ల మట్టి. అంత మంచి మట్టిని ఎక్కడో ఇంకో మిట్ట గీకి తెస్తే ఒక గాయానికి మందు కోసం మరో గాయం చేసినట్టే. ఈ జిల్లాలో దానికి ఒక చక్కటి ప్రత్యామ్నాయం ఉంది, చెరువు పూడిక. వేసవిలో చెరువు ఒండ్రు తోలి పొలంలో వేసుకోవడం ఇక్కడి రైతుకు తాతల నాటి అలవాటు. ఆ ఒండ్రులో మెత్తటి రేణువులు ఎక్కువ, గుట్టల నుంచి కొట్టుకొచ్చిన సారమూ ఉంటుంది. ఒండ్రుకు క్వారీలోని రాతిపొడీ, గరుసూ కలిపి, రాళ్ల మీద కాస్త మందంగా పోస్తే వట్టి ఒండ్రు కన్నా బాగా నిలుస్తుంది. వట్టి ఒండ్రు ఎండకు పగుళ్లిస్తుంది. పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి బురద కూడా సందులు పూడ్చడానికి పనికొస్తుందనుకుంటారు గానీ దాన్ని పైన మాత్రం పరవకూడదు. ఆరాక పెచ్చు కట్టి నీటిని లోపలికి దిగనివ్వదు.

మట్టి పరిచే ముందు వాలు సరిచేయాలి. దిబ్బ వాలు మొత్తం మీద 28 డిగ్రీలు మించకూడదన్నది అనుమతుల్లో సాధారణంగా ఉండే షరతు. దొర్లించిన రాయి తనంతట తాను నిలిచే వాలు దానికన్నా నిటారుగా ఉంటుంది కాబట్టి యంత్రం పెట్టి పైభాగాన్ని కిందికి లాగాల్సిందే. ఆ యంత్రం ఎలాగూ సైటులో ఉన్నప్పుడే, క్వారీ నడుస్తున్నప్పుడే చేయిస్తే కొద్ది గంటల పని. ఆరేళ్ల తర్వాత దీనికోసమే ప్రొక్లెయినర్‌ని పిలిపిస్తే బిల్లు చూసి ఎవరైనా వెనక్కి తగ్గుతారు. వాలుకు అడ్డంగా రాతి కట్టలు వేస్తే, దిగే ఒండ్రు వాటి వెనక ఆగుతుంది. రాయికి ఇక్కడ కరువు లేదు కదా. బిగుసుకున్న యార్డునూ దారినీ అడుగున్నర లోతున చీల్చాలి, అదీ వాలుకు అడ్డంగానే. పైపైన గొర్రు తోలితే చాలదు.

ఇప్పుడు గింజ సంగతి. గడ్డి గింజ చల్లడం వరి నారు పోసినంత తేలిక అనుకుంటే పొరపాటు. అంజన్ గడ్డి, చీపురు గడ్డి లాంటి వాటి గింజ నూగుతో, తోకలతో ఉంటుంది. గాలికి ఎగిరిపోతుంది, గొర్రులో జారదు. కొత్తగా కోసిన గింజ ఆ ఏడే సరిగా మొలవదు. నెలల తరబడి నిద్ర తీరాక గానీ మొలక శాతం పెరగదు. అందుకని పోయిన సీజన్ గింజే చల్లాలి. మరీ పాతదైతే మళ్లీ చచ్చిపోతుంది. స్టైలో అనే పశుగ్రాసపు మొక్క గింజకు పై తొక్క గట్టి. 80 డిగ్రీల వేడి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలుంచి, చల్లార్చి, ఆరబెడితే బాగా మొలుస్తుంది. లోతు ఇంకో చిక్కు. ఈ గింజల్లో చాలావాటిని సెంటీమీటరుకన్నా లోతుగా పూడ్చకూడదు. చల్లి ముళ్ల కంప లాగితే చాలు, మడకతో కప్పితే పైకి రాలేవు. గింజకు నాలుగింతల ఎర్రమట్టీ, కాస్త పేడా కలిపి శనగ గింజంత ఉండలు చేసి చల్లితే గాలికి పోవు, చీమలూ అంతగా మోసుకుపోవు. చీమల బెడద తక్కువగా అంచనా వేయొద్దు. పొడి నేలమీద చల్లిన గింజలో చాలా భాగం వాన రాకముందే చీమల పుట్టల్లోకి చేరుతుంది.

ఇంతకన్నా తేలికైన పద్ధతి ఒకటి ఉంది. పక్కనే తవ్వని గుట్ట ఒకటి బాగుందనుకుందాం. కార్తీకం, మార్గశిరం రోజుల్లో గింజ ముదిరి రాలడానికి సిద్ధంగా ఉన్నప్పుడు అక్కడి గడ్డిని కోసి, భద్రం చేసి, మరుసటి వానలకు ముందు మోపులుగా తెచ్చి క్వారీ నేలమీద పలచగా పరచడమే. గింజా వస్తుంది, గడ్డి కప్పుగా ఉండి ఎండ నుంచి మొలకను కాపాడుతుంది, వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది. ఆ గుట్టకు అలవాటు పడిన రకాలే వస్తాయి. చీపుర్ల కోసం ఎలాగూ గుట్టెక్కే ఆడవాళ్లకు ఏ గడ్డి ఎప్పుడు ముదురుతుందో కొట్టినపిండి. గింజ సేకరణ కూలి వాళ్లకే దక్కేలా చూడటం న్యాయం కూడా. అయితే ఒక గుట్ట మొత్తాన్ని ఊడ్చేయకుండా, మూడో వంతుకు మించి కోయకుండా ఉండాలి.

అదును తప్పితే ఇవన్నీ బూడిదలో పోసిన పన్నీరు. చిత్తూరుకు రెండు రుతుపవనాలూ పనికొస్తాయి. ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడితే అందులో నైరుతి వాటా, ఈశాన్యం వాటా పెద్ద తేడా లేకుండా ఉంటాయి. తొలకరి చూసి ఆరుద్రలో చల్లితే మొలక వస్తుంది. ఆ తర్వాత వచ్చే ఎండలకు రాతినేల మీద మొలక మాడిపోయే ప్రమాదం ఎక్కువ. మామూలు పొలంలో తట్టుకునే విరామం కూడా దిబ్బమీద తట్టుకోలేదు. మరీ ఆలస్యం చేసి చిత్త, స్వాతి దాకా ఆగితే తుపాను వానలకు గింజంతా వంకలో కలుస్తుంది. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కురిసిన వానల్ని చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. పుబ్బ, ఉత్తర కార్తెల మధ్య, అంటే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు చివరి లోపు, ఒక మంచి పదునులో చల్లడం క్షేమం. పెద్ద వానలు వచ్చేలోగా వేరు పట్టుకోవడానికి ఐదారు వారాలు దొరుకుతాయి. బడ్జెట్ సంవత్సరాన్ని బట్టో, జూన్‌లో జరిగే మొక్కల పండగను బట్టో తేదీ పెడితే నేల ఒప్పుకోదు.

ఏ రకాలు చల్లాలన్న దానిమీద భిన్నాభిప్రాయాలున్నాయి. తొందరగా పచ్చబడాలంటే స్టైలో హమాటా మంచిదని పశుసంవర్ధక శాఖవాళ్లు చెబుతారు. పక్కనున్న అనంతపురం ప్రాంతం దాని విత్తనోత్పత్తికి పేరున్న చోటు కాబట్టి గింజ దొరకడం కష్టం కాదు. నత్రజని ఇస్తుంది, పశువు ఇష్టంగా తింటుంది. దక్షిణ అమెరికా వైపు మొక్క అయినా రాతిదిబ్బకు మొదటి రెండు మూడేళ్ల ఊతంగా దాన్ని వాడటంలో తప్పు లేదు. తప్పల్లా దాన్నొక్కదాన్నే చల్లి పని అయిపోయిందనుకోవడం. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఇదే జరిగింది. బీడు నేలల్నీ గని నేలల్నీ త్వరగా కప్పడానికి ఆసియా నుంచి తెచ్చిన క్రెస్టెడ్ వీట్‌గ్రాస్‌ను విరివిగా చల్లారు. అది బ్రహ్మాండంగా పట్టుకుంది. దశాబ్దాల తర్వాత చూస్తే చాలాచోట్ల అది తప్ప వేరే గడ్డికి చోటే లేకుండా పోయింది. మన అంజన్ గడ్డిదీ ఇలాంటి కథే. ఇక్కడ అది మంచి మేత, ఆస్ట్రేలియాలో, అరిజోనా ఎడారిలో మాత్రం మంటలకు ఆజ్యం పోసే కలుపు. ఏ గడ్డి గుణమైనా అది నిలిచిన చోటును బట్టే. చిత్తూరు గుట్టలకు బోద, చీపురు, అంజన్, గరిక కలిపి, వెంపలీ కొద్దిగా స్టైలో తోడు చేసి, పొదల కోసం తంగేడు, బలుసు, రేగు గింజలు గుంతల్లో వేస్తే సరిపోతుంది. సర్కారు తుమ్మను మాత్రం దగ్గరికి రానీయకూడదు. ఖాళీ నేల కనిపిస్తే అదే ముందు దూరుతుంది. గుట్ట పచ్చగా కనిపిస్తుంది, కింద గడ్డిపోచ ఉండదు. ఫొటోలో ఆ తేడా తెలియదు, గొర్రెకు తెలుస్తుంది.

ఇక్కడే కాపరుల పాత్ర వస్తుంది. సాధారణంగా పునరుద్ధరణ పథకాల్లో కాపరిని కంచె అవతల నిలబెట్టాల్సిన మనిషిగా చూస్తారు. ఇది పెద్ద పొరపాటు. రైతులు పొలంలో మంద కట్టించుకోవడం ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. రాత్రిపూట జీవాల్ని పొలంలో పడుకోబెడితే పెంట, మూత్రం నేరుగా నేలలో కలుస్తాయి, దానికి కాపరికి డబ్బో గింజలో ముట్టజెబుతారు. అదే మందను మట్టి పరిచిన క్వారీ నేలమీద, గింజ చల్లడానికి ముందు వేసవిలో, ఒక్కో జాగాలో నాలుగైదు రాత్రులు కట్టిస్తే నత్రజని కొరత చాలావరకు తీరుతుంది. డెక్కలు పై పెచ్చును పగలగొడతాయి. తిన్న గింజలు పెంటలో వస్తాయి. కానీ ఒక జాగ్రత్త కావాలి. వేసవిలో జీవాలు సర్కారు తుమ్మ కాయలు ఇష్టంగా తింటాయి, ఆ గింజలు పెంటలో చెక్కుచెదరకుండా బయటపడతాయి. ఆ కాయలు తిన్న మందను నేరుగా తెచ్చి కట్టకూడదు, కొద్ది రోజులు వేరేచోట మేపి తీసుకురావాలి. ఏ మంద ఎక్కడ మేసిందో చెప్పగలిగేది కాపరే.

చల్లిన తర్వాత రెండేళ్లు మేత ఆపాలి. ఊరితో మాట్లాడకుండా, ముళ్లకంచె వేసి బోర్డు పెడితే మొదటి కరువు నెలలోనే కంచె తెగుతుంది. తెంచినవాళ్లను తప్పుబట్టలేం, ఇంటి దగ్గర పశువు ఆకలితో అరుస్తుంటే బోర్డు ఎవరు చదువుతారు? ఒప్పందం ఇలా ఉంటే నిలబడుతుంది: మొదటి ఏడు ఎవరూ కోయకూడదు, మేపకూడదు. రెండో ఏడు గింజ రాలాక కొడవలితో కోసి మోపులు తీసుకెళ్లొచ్చు. మూడో ఏడు నుంచి ఆవులూ గొర్రెలూ గింజ రాలిన తర్వాత, సంక్రాంతి దాటాక, మేయొచ్చు. మేకల్ని ఇంకో ఏడాది రెండేళ్లు ఆపాలి, పొదల చిగుళ్లు వాటి నోటికి నిలవవు. వానాకాలంలో గడ్డి వేరు బలపడే రెండు నెలలు ఎప్పటికీ విరామం ఉండాలి. వేసవిలో కొత్త చిగురు కోసం గుట్టకు నిప్పు పెట్టే అలవాటును ఆ మేరకు ఆపించాలి, లేకపోతే మూడేళ్ల కష్టం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. రెండేళ్లు మేత వదులుకున్న కుటుంబాలకు ఆ ఖర్చులో భాగంగానే దాణాకో ఎండుగడ్డికో సాయం అందాలి. ఈ పద్దు అంచనాల్లో చేరనంతకాలం విత్తనం మీద పెట్టే డబ్బు నీళ్లపాలే.

మిగిలింది డబ్బూ గడువూ. అమెరికాలో 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన ఉపరితల బొగ్గు గనుల చట్టం ఈ రెంటినీ ముడేసింది. తవ్వకానికి ముందే కంపెనీ బాండు కట్టాలి. నేలను సరిచేసి గింజ చల్లిన తర్వాత ఐదేళ్లు, ఏడాదికి 26 అంగుళాలు అంటే 660 మిల్లీమీటర్లకు మించి వాన పడని చోట్ల పదేళ్లు, ఆ పచ్చదనానికి కంపెనీయే బాధ్యత వహించాలి. మధ్యలో మళ్లీ గింజ చల్లితేనో ఎరువు వేస్తేనో లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. వయోమింగ్, మోంటానా మేత భూముల్లో గని సంస్థలు గడ్డి గురించి అంత శ్రద్ధగా నేర్చుకోవడానికి ప్రధాన కారణం ఈ బాండే. మన దగ్గర పెద్ద ఖనిజాలకు ఇలాంటి పూచీకత్తు ఉంది. 2017 నియమాల ప్రకారం తవ్వకానికి వాడిన నేలకు హెక్టారుకు 'ఎ' తరగతి గనికి 3 లక్షలు, 'బి' తరగతికి 2 లక్షలు, దాన్ని 2021లో 5 లక్షలు, 3 లక్షలకు పెంచారు. గ్రానైట్ చిన్నతరహా ఖనిజాల కింద ఉండటం వల్ల ఆ నియమాల పరిధిలోకి రాదు. గడ్డి వేయాలన్న షరతు గ్రానైట్‌కూ ఉంది, దాన్ని పట్టి నిలిపే డబ్బు ముడి మాత్రం అంత బలంగా లేదు. రాష్ట్రం తన నియమాల్లోనే, ఎకరానికి ఇంత అని డిపాజిట్ తీసుకుని, గడ్డి నిలిచిన మూడో ఏడు కొంత, ఐదో ఏడు మిగతాది తిరిగిచ్చే పద్ధతి పెట్టొచ్చు. లీజుదారుకు అన్యాయమేమీ జరగదు, పని చేస్తే డబ్బు తిరిగొస్తుంది.

గడ్డి నిలిచిందో లేదో తేల్చడానికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. ఊరి నుంచి ఇద్దరు, శాఖ నుంచి ఒకరు దిబ్బకు అడ్డంగా వంద అడుగులు నడవాలి. ప్రతి అడుగులో బొటనవేలి ముందు ఏముందో రాసుకోవాలి: మేత గడ్డి, పొద, కలుపు, వట్టి నేల, రాయి. అలాంటి నడక నాలుగు చోట్ల, తర్వాత పక్కనున్న తవ్వని గుట్ట మీద అదే పద్ధతిలో మరో నాలుగు చోట్ల. రెండు లెక్కల్ని పక్కపక్కన పెడితే ఎంత తిరిగొచ్చిందో ఎవరికైనా అర్థమవుతుంది. నాటిన మొక్కల సంఖ్య, తవ్విన గుంతల సంఖ్య, ఖర్చైన బిల్లులు ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేవు. ఈ నడక డిసెంబరులోనూ, మళ్లీ ఏప్రిల్‌లోనూ జరగాలి. వాన అయిపోయిన నెలలో ఏ నేలైనా పచ్చగానే కనిపిస్తుంది, ఏప్రిల్‌లో వేరుతో మిగిలిందే బహువార్షిక గడ్డి.

లీజు ముగిసి, యజమాని ఎవరో కూడా తెలియకుండా వదిలేసిన పాత క్వారీల మీద 2020 ఆదేశం నేరుగా పనిచేయదు, బాధ్యత వేయడానికి లీజుదారే లేడు. వాటికి దారి జిల్లా ఖనిజ ఫౌండేషన్. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన ఈ నిధి గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే ఉంది, దాని ఖర్చు మార్గదర్శకాల్లో పర్యావరణ పరిరక్షణ అధిక ప్రాధాన్య రంగాల జాబితాలోనే ఉంది. మట్టి పనీ, రాతి కట్టలూ ఉపాధి కూలీలతో జరగొచ్చు, గింజా కాపలా ఫౌండేషన్ డబ్బుతో, గడ్డి రకాల ఎంపిక తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, పలమనేరులోని దాని పరిశోధన కేంద్రం సలహాతో. ఏ గుట్టతో మొదలుపెట్టాలన్నది గ్రామసభ చెప్పాలి. రోడ్డుకు దగ్గరగా ఉండి అధికారులకు కనిపించే గుట్టను కాకుండా, నడిచి చేరగలిగినంత దూరంలో ఎక్కువ జీవాలున్న గుట్టను ఊరు ఎంచుకుంటుంది. గింజ కోత నవంబరు, డిసెంబరుల్లో అయిపోవాలి కాబట్టి, వచ్చే సెప్టెంబరులో చల్లాలనుకున్న ఊరు ఈ కార్తీకంలోనే గడ్డి కోతకు మనుషుల్ని మాట్లాడుకోవాలి.